ఆరాల ఆదినారాయణ వైఫై కాపలా

ప్రొద్దుటూరులో బట్టల అంగడి నడుపుకునే ఆదినారాయణకు వీధివాళ్లు పెట్టిన పేరు ఆరాల ఆదినారాయణ. ఎదురింటికి కొరియరు వస్తే సంతకం తనే పెట్టి, లోపల ఏముందో తెలుసుకున్నాకే అందించే రకం. అలాంటి మనిషికి తన ఇంటి వైఫైని ఎవరో దొంగతనంగా వాడుతున్నారన్న అనుమానం వస్తే ఊరుకుంటాడా?

“నెలకిచ్చే నెట్టు ఇరవయ్యో తేదీకే అయిపోతాంది. ఇది పక్కింటి దిల్షాద్‌బీ పనే! ఆయమ్మ మొగుడు షాహుల్ కువైట్లో ఉండాడు. వీడియో కాల్ లేకుంటే పూట గడవదు. మన పాస్‌వర్డ్ ఎట్లనో పట్టేసినాది.”

భార్య వనజమ్మ పప్పు ఎనుపుతూ తల కూడా ఎత్తలేదు.

“మన పాస్‌వర్డ్ ఏంది?”

“ఒకటి నుంచి ఎనిమిది దాకా అంకెలు.”

“అది పట్టేసేకి దిల్షాద్‌బీ ఎందుకబ్బా? ఎల్కేజీ పిల్లోడు చాలు.”

ఆదినారాయణకు పౌరుషం వచ్చింది. ఆదివారం అంగడి మూసి, కళ్లద్దాలు పెట్టుకుని వైఫై డబ్బా ముందు బాసింపట్టు వేసుక్కూర్చున్నాడు. ఇరవైమూడు అక్షరాల పాస్‌వర్డ్ పెట్టాడు. నెట్‌వర్క్ పేరు ఎవరికీ కనపడకుండా దాచేశాడు. తెలియని పేరుతో ఒకటి తగులుకుని ఉంటే “దొరికినావు దొంగా!” అని దాన్ని కోసేశాడు. అది వాళ్ల టీవీయే. సీరియల్లో అత్త నోరు తెరిచిన చోటే ఆగిపోయింది, వనజమ్మ నోరు మాత్రం ఆగలేదు.

అయినా ఆయన వెనక్కి తగ్గలేదు. కాపలా కాసే యాప్ ఒకటి ఎక్కించాడు. అంగట్లో తీరిక ఉండదని దాన్ని భార్య ఫోనులో పెట్టాడు.

“చూడు వనజా, ఏ ఫోను ఎప్పుడు తగులుకున్నాది, ఎప్పుడు వదిలినాది, ఎంత తిన్నాది, అన్నీ రాస్తాది. మూడు దినాలు కనిపెట్టు. ఇంక పాస్‌వర్డ్ కూడా దినామూ మార్చుతాండల్ల, అదే భద్రం.” ఎట్లా మార్చాలో కూడా దగ్గర కూర్చుని నేర్పాడు.

పాపం, ఆ సంబరంలో ఒక సంగతి మరిచిపోయాడు. ఆయనకు చక్కెర జబ్బు. పొద్దున్నే గంటసేపు నడవకపోతే లాభం లేదని డాక్టరు చెప్పి మూడు నెలలైంది. అప్పటి నుంచి అయిదున్నరకల్లా బూట్లేసుకుని గేటు దాటుతున్నాడు. దాటి, వెనకసందులోంచి వచ్చి, బయటి మెట్లెక్కి, మిద్దెమీద నీళ్ల ట్యాంకు పక్కన చాపేసుకుంటున్నాడు. ఆస్ట్రేలియాలో మ్యాచి ఉంటే ప్రత్యక్ష ప్రసారం, లేకుంటే పాత మ్యాచులు. “మా ఆయన ఒక్కదినం కూడా తప్పడు” అని వనజమ్మ వీధంతా చెప్పుకుని మురిసిపోతోంది.

నాలుగో రోజు అన్నం వడ్డిస్తూ ఆవిడే చెప్పింది. “దొంగ దొరికినాడబ్బా.”

“చెప్తిని గదా! దిల్షాద్‌బీనే గదా?”

“దినామూ అయిదున్నర నుంచి ఆరున్నర దాకా. గంటకు రెండు జీబీ.”

“ఇంకేం! మొగుడితో ముచ్చట్లు!”

“ఆ టయానికి దిల్షాద్‌బీ మైదుకూరు రోడ్డులో తన బండికాడ బొరుగుల ఉగ్గాని, బజ్జీలు అమ్ముతాంటాది.” ఫోను ఆయన కంచం ముందు పెట్టింది. తెరమీద ఆ గంటకెదురుగా ఆదినారాయణ అని ఉంది.

ఆదినారాయణ ముద్దను మళ్లీ కంచంలో పెట్టేశాడు. “వాకింగుకు ఫోను ఇంట్లోనే పెట్టి పోతాండానేమో...”

“నిన్న వాకింగులో నుంచే ఫోన్ చేస్తివి గదా? మార్కెట్టుకాడ ఉండా, వంకాయలు తేవల్నా అని?”

“అంటే... మన సిగ్నలు శానా బలం వనజా. మార్కెట్టు దాకా వస్తాదేమో.”

“పడకింట్లోకే రాని సిగ్నలు మార్కెట్టు దాకా పోతాదా?” ఆవిడ అరుస్తుందనుకున్నాడు. అరవలేదు, కళ్లు తుడుచుకుంది. “డాక్టరు మాత్ర పెంచినప్పుడు, ఇంత నడిచినా తగ్గల్యా దేవుడా అని ఎంత భయపడితినో తెలుసునా? నీకు తోడని నేను కూడా తీపి మానేస్తి గదబ్బా!”

ఆదినారాయణకు నిజంగా సిగ్గేసింది. రేపట్నుంచి తప్పకుండా నడవాలనుకున్నాడు. తెల్లారి అయిదున్నరకు మాత్రం, ఈరోజుతో టెస్టు మ్యాచి అయిపోతుంది, రేపటి నుంచి నడుద్దామని ఫోను తీశాడు. వైఫై లోపలికి రానివ్వలేదు. ఇంట్లో వైఫై ఉండగా ఎందుకని ఫోనులో నెట్టు ఆయనే తీసేయించాడు. టీవీ కూడా పలకలేదు.

“వనజా, పాస్‌వర్డ్ ఏమైనాది?”

“దినామూ మార్చమంటివి గదా, మార్చినా. దిల్షాద్‌బీకి చెప్పి పంపినా. నడిచి పోయి అడుక్కో. ఫోన్లో చెప్పదు. బండి మీద పోయినా చెప్పదు.”

మైదుకూరు రోడ్డు రెండు కిలోమీటర్లు. చొక్కా తడిసిపోయి, రొప్పుతూ చేరాడు. బజ్జీల వాసనకు నోరూరింది. దొంగ అన్న మనిషి ముందే నిలబడి, ఎవరూ వినకుండా అడిగాడు. “అమ్మా, మా వైఫై పాస్‌వర్డ్ చెప్పు.”

దిల్షాద్‌బీ ఉగ్గాని కలుపుతూనే నాలుగు అంకెలు చెప్పింది. “ఇది సగమేనన్నా. మిగతా సగం రఫీ టీ అంగట్లో ఉండాది. ఇట్లే ముందరికి పో, ఇంకో కిలోమీటరు. బజ్జీలు మాత్రం నీకు ఇయ్యొద్దన్నాది అక్క.”

ఆదినారాయణ రోడ్డు పొడవునా చూశాడు.

“రఫీ తర్వాత ఇంకెవరన్నా ఉండారా అమ్మా?”

“ఆ సంగతి రఫీనే చెప్తాడన్నా.”