కుట్టుపనిని మరిచిపోవాలా?

చనిపోయిన నా భార్య చేత నా పిల్లలిద్దరూ కుట్టుపని మాన్పించారు. మాన్పించి మందులు నూరే పనిలో పెట్టారు. ఇది జరిగిపోయింది. దీని మీద వాదన లేదు.

కంగారు పడకండి, నాకు మతి బాగానే ఉంది. ఇది ఆన్‌లైన్ ఆటలో సంగతి. మా ఆవిడ మంచం పట్టిన చివరి ఏడాది, కాలక్షేపానికి ఉంటుందని మా అమ్మాయి ఆవిడకి ఆ ఆట నేర్పింది. అందులో ఎవరికి వాళ్ళు ఒక మనిషి బొమ్మను తయారు చేసుకోవాలి. ఆ బొమ్మ కత్తి పట్టుకుని అడవుల్లో తిరుగుతుంది, రాక్షసుల్ని చావగొడుతుంది. కొట్టడం ఒక్కటే చాలదట. ఏదో ఒక చేతిపని కూడా ఎంచుకోవాలి. కమ్మరి, వడ్రంగి, దర్జీ, మందులు నూరేవాడు... ఒక్కటే. రెండు పనులు కుదరవు.

మా ఆవిడ దర్జీ పని ఎంచుకుంది. ఆవిడ పోయాక కూడా ఆవిడ బొమ్మ ఆటలో అలాగే నిలబడి ఉంది. పిల్లలు ఆడే జట్టులో మందులు నూరేవాళ్ళు కరువయ్యారు. మిగతాది మొదట్లోనే చెప్పాను.

నేను కోపంగా ఉన్నానని మీరు అనుకుంటున్నారు. పొరపాటు! ఆ ఆటను మెచ్చుకోవడానికే కలం పట్టాను. మనిషికి బతుకుదెరువు చూపించడంలో అంత నాగరికమైన పద్ధతి భూమ్మీద ఇంకెక్కడా లేదు.

నా సంగతే చూడండి. నేనూ దర్జీనే. నేనేమైనా ఎంచుకున్నానా? ఊళ్ళో బడిలో ఐదో తరగతి అయ్యాక మా నాన్న నన్ను ఒక దర్జీ ముందు నిలబెట్టి, "వీడికి లెక్కలు రావు, కాళ్ళు మాత్రం ఒక్క క్షణం ఊరుకోవు" అన్నాడు. కూర్చుంటే కాళ్ళు ఊపడం నా దురలవాటు. కుట్టుమిషన్‌కి కావలసిందీ అదే. నా కెరీర్ కౌన్సెలింగ్ అక్కడితో పూర్తయింది.

ఆటలో ఎంత మర్యాద! పనులన్నీ వరసగా తెర మీదికి వస్తాయి. ఒక్కోదానికి ఒక బొమ్మ, కింద రెండు ముక్కల్లో వివరం. నచ్చిందాని మీద వేలు పెడితే చాలు. మీ నాన్న పక్కన నిలబడి మీ కాళ్ళ గురించి వ్యాఖ్యానించడు.

ఇక గురువులు. నా గురువు మొదటి ఏడాదంతా నాకు కాజాలు తప్ప ఇంకేమీ కుట్టనివ్వలేదు. కాజా వంకర పోతే టేకు స్కేలుతో వేళ్ళ మీద ఒక్కటి వేసేవాడు. కాజా తిన్నగా వచ్చిన రోజు కూడా, అలవాటు తప్పకూడదని, ఒకటి వేసేవాడు. ఆటలో గురువు ఊరి నడిమధ్యలో నిలబడి ఉంటాడు. ఎవరొచ్చినా నవ్వుతాడు. టీ తెమ్మనడు. మేనల్లుడు వచ్చాడని మీ స్టూలు లాక్కుని వాడికివ్వడు. ఇలా అడిగితే అలా విద్య వచ్చేస్తుంది. సూది గుచ్చుకోదు, నడుం పట్టదు, చూపు మందగించదు. ఇంత సుఖంగా విద్య వస్తుంటే మేమంతా వాచిన వేళ్ళతో ఎందుకు ఏడ్చినట్టు?

అన్నిటికన్నా గొప్పది, ఆటలో టేపు లేదు! ఏడడుగుల రాక్షసుడికీ, మోకాలెత్తు మరుగుజ్జుకీ ఒకటే కోటు. ఇద్దరికీ అతికినట్టు సరిపోతుంది. కొలతలిచ్చేటప్పుడు పొట్ట లోపలికి పీల్చి, వేసుకునేటప్పుడు వదిలేసి, "ఏంటయ్యా ఇంత బిగుతుగా కుట్టావు" అనే పెద్దమనుషులు ఆ లోకంలో పుట్టలేదు. పెళ్ళి రేపనగా ఇవాళ గుడ్డ తెచ్చి, "ఎంతసేపు పడుతుందేంటి" అనేవాళ్ళూ లేరు. సినిమా హీరో ఫొటో చూపించి అచ్చం ఇలాగే ఉండాలని అడిగి, చొక్కా అలాగే వచ్చాక మొహం అలా రాలేదని నన్ను తిట్టేవాళ్ళూ లేరు.

పైగా ఆటలో ఎవరి నేర్పు ఎంతో నెత్తి మీద అంకె కనిపిస్తూ ఉంటుంది. దీన్ని వెంటనే మన లోకంలో పెట్టాలని నా విన్నపం. ప్లంబర్ తలుపు కొట్టగానే నెత్తి మీద "నేర్పు: ఆరు" అని కనిపిస్తే, గోడ పగలగొట్టక ముందే మంచినీళ్ళిచ్చి పంపేయొచ్చు. పన్ను పీకే డాక్టర్ దగ్గర కుర్చీలో వెనక్కి వాలే ముందు ఒకసారి తలెత్తి చూసుకోవచ్చు. ఎన్నికలప్పుడు ఓట్లకొచ్చేవాళ్ళ నెత్తి మీద "చేతిపని: లేదు" అని వరసగా వెలుగుతూ ఉంటే వీధికి దీపాలు కూడా అక్కర్లేదు.

ఇన్ని సుఖాల మీద ఇంకో సుఖం ఉంది. దాన్ని కనిపెట్టినవాడికి చేతులెత్తి మొక్కాలి.

చేస్తున్న పని వద్దనుకుంటే ఒక బటన్ ఉంది. నొక్కబోతే ఆట అడుగుతుంది: "కుట్టుపనిని మరిచిపోవాలా?" కింద అవును, కాదు. అవును అంటే అయిపోయింది. నేర్చిందంతా ఆ క్షణమే పోతుంది. నేను బతుకంతా చొక్కాలకి కుట్టిన బటన్లలో ఇంత పని చేసింది ఒక్కటీ లేదు!

ఆలోచించండి, ఇది మనకెంత అవసరమో. మా పక్కింటి రిటైరైన హెడ్మాస్టర్ పలకరించడానికి వచ్చినవాళ్ళ మాటల్లో ఒత్తులు దిద్దుతాడు. ఒక్క నొక్కు! పై వాటాలో ఉండే పాత కండక్టర్ లిఫ్టులో నలుగురు కనిపిస్తే చాలు, "లోపలికి జరగండి, లోపలికి జరగండి" అంటాడు. ఒక్క నొక్కు! చూపు ఆనక నేను కొట్టు మూసి చాలా కాలమైంది. అయినా బస్సులో ముందు సీటువాడి కాలర్ వంకరగా ఉంటే దిగేదాకా నాకు ఊపిరాడదు. ఒకసారి ఆపుకోలేక వెనక నుంచి సర్దాను. వాడు నన్ను జేబుదొంగ అనుకున్నాడు. నాకా బటన్ ఉంటే ఈ పరువునష్టం జరిగేదా?

ఆ బటన్ నొక్కుతుండగా చూసే అదృష్టం నాకు దక్కింది. ముందు గదిలో బల్ల మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని పిల్లలిద్దరూ కూర్చున్నారు. పెళ్ళీడుకొచ్చారు, ఉద్యోగాలు చేస్తున్నారు, పిల్లలంటున్నాను గానీ.

"నాన్నా, అమ్మ పాస్‌వర్డ్ నీకేమైనా తెలుసా?" అంది అమ్మాయి.

"మీ అమ్మ నాకు బీరువా తాళమే ఇవ్వలేదు."

"అక్కర్లేదులే, నా దాంట్లో సేవ్ అయ్యుంది" అన్నాడు అబ్బాయి. "అక్కా, ఇదిగో. టైలరింగ్ తీసేస్తే సరిపోతుంది."

"ఎవరి టైలరింగ్?" అన్నాను.

"అమ్మది."

ఆవిడ ఆ ఆటలో దర్జీ అని నాకు తెలిసింది అప్పుడు. అంతకు ముందు ఎవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు. కత్తి పట్టుకుని తిరుగుతోందని మాత్రం తెలుసు. అందులో నాకు వింతేమీ కనిపించలేదు.

"మీ అమ్మా? బొత్తాం ఊడితే పిన్నీసు పెట్టుకునే మనిషి దర్జీ ఏంట్రా?"

"ఆట నాన్నా. జస్ట్ ఆట" అంది అమ్మాయి.

"మరి అదే ఎందుకు తీసుకుంది?"

"లిస్టులో పైన ఉందేమో" అన్నాడు వాడు.

"ఈజీ కదా, అందుకని" అంది అది.

చూశారా? ఇన్నేళ్ళు నేనేం చేశానో ఇద్దరూ ఎంత బాగా అర్థం చేసుకున్నారో!

ల్యాప్‌టాప్ లోంచి ఎవరిదో మగగొంతు వినిపించింది. "నేను ఒప్పుకోనండీ. పిన్నిగారి పని పిన్నిగారిది."

జట్టులో కమ్మరి అట. బయటి లోకంలో ఏం చేస్తాడో మా వాళ్ళకీ తెలియదు. మొహం చూసినవాళ్ళు లేరు. అందరూ కమ్మరన్నా అంటారు, వాడూ పలుకుతాడు.

"అన్నా, అమ్మ లేదు కదా" అన్నాడు మావాడు.

"లేకపోతే? ఉన్నవాళ్ళ పనే మార్చాలి గానీ, లేనివాళ్ళది ఎట్లా మారుస్తాం?"

"అమ్మ కుట్టిన నీ కోటేం పోదులే అన్నా. రేపు కొండెక్కాలి. మందుల్లేకుండా ఎక్కుతావా, చస్తావా?"

"చచ్చినా మళ్ళీ లేస్తాం కదండీ ఇందులో!"

ఓట్లు పెట్టారు. కమ్మరి తప్ప జట్టంతా సరే అంది. మావాడు నొక్కాడు. టింగ్ మంది. తెర మీద ఆవిడ బొమ్మ చేతిలో సూది పోయి రోలు వచ్చింది. చివరి నెలల్లో మందుబిళ్ళ కనిపిస్తే గోడ వైపు తిరిగి పడుకున్న మనిషి. ఇప్పుడు రోటి ముందు నిలబడి మందులు నూరుతోంది. పిల్లలకి తల్లి మీద ఎంత శ్రద్ధ!

వాడికి ఆఫీసు ఫోనొచ్చి వరండాలోకి వెళ్ళాడు. అది పాలు పొంగుతున్నాయని వంటింట్లోకి పరిగెత్తింది. నేనూ, తెర మీద ఆవిడా మిగిలాం.

"ఉన్నారా ఎవరైనా?" అంది ల్యాప్‌టాప్.

"ఉన్నాను" అన్నాను.

"ఎవరండీ?"

"మీ పిన్నిగారి మొగుణ్ణి."

"నమస్కారం బాబాయిగారూ! మీరు టైలర్ కదండీ?"

"నీకెవరు చెప్పారు?"

"పిన్నిగారే. మొదట్లో మేమంతా మొత్తుకున్నామండీ, ఆ పని దండగ, ఎవరూ తీసుకోరు అని. వింటేనా! 'నాకు తెలిసిన పని అదొక్కటే బాబూ, పక్కనుండి చూశాను' అనేవారు."

వాడికి మాట్లాడే మనిషి దొరికాడు, వదల్లేదు.

"ఒక చాదస్తం ఉండేదండీ ఆవిడకి. కోటుకి నాలుగు ముక్కల గుడ్డ చాలు. ఐదు వేసేవారు. ఎంత చెప్పినా ఐదే. ఆ ఐదోది ఆటలో దేనికీ పనికిరాదండీ, గాల్లో కలిసిపోతుంది. ఎందుకు పిన్నీ వేస్ట్ అంటే, 'లోపల గుడ్డ వదిలానురా, రేపు ఒళ్ళు చేస్తే విప్పి పెంచుకోవచ్చు' అనేవారు." వాడు నవ్వాడు. "ఆటలో ఎవడు ఒళ్ళు చేస్తాడండీ!"

ఎవడూ చెయ్యడు. ఆ సంగతి ఆటాడే చిన్నపిల్లలకి కూడా తెలుసు.

లోపల గుడ్డ వదిలేది నేను. పక్క కుట్లలో రెండు వేళ్ళ వెడల్పు వదిలి కుట్టడం నా పద్ధతి. ఎదిగే పిల్లలకైతే ఇంకాస్త. దాని గురించి మా ఆవిడ నాతో పడని పోట్లాట లేదు. కొట్టుకి అన్నం క్యారియర్ తెచ్చినప్పుడల్లా అదే మాట. ఊళ్ళో దర్జీలంతా మిగిలిన గుడ్డతో ఇంటికి దిండు గలీబులు కుట్టుకుంటుంటే, నువ్వు జనం చొక్కాల్లో దాచి పంపిస్తున్నావు అనేది. ఒళ్ళు చేస్తే కొత్తది కుట్టించుకుంటారు, నీ నోటి దగ్గర కూడు నువ్వే తీసుకుంటున్నావు అనేది. గిరాకీల ముందే అనేది. వాళ్ళు నవ్వేవాళ్ళు. నా కుట్టు బాగుందని ఆవిడ ఒక్కసారి, నోరు జారి కూడా, అనలేదు.

ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది. నా ఫిర్యాదు ఆట మీద కాదు. పిల్లల మీదా కాదు. వాళ్ళు కొండెక్కాలి, మందులు కావాలి, బటన్ ఉంది, నొక్కారు.

నా ఫిర్యాదు ఆవిడ మీద.

ఏడాది పాటు అదే గది, అదే మంచం. ఆవిడ చెవులకి హెడ్‌ఫోన్లు. నేను మంచం పక్కన కుర్చీలో. చెయ్యి చాపితే తగిలేంత దూరం. మొహం కూడా తెలియని ఎవడో కమ్మరికి, రాక్షసులకి, మరుగుజ్జులకి చెప్పింది. నా పని పక్కనుండి చూశానంది, అదొక్కటే తెలుసంది. నా చాదస్తాన్ని తన చాదస్తమని చెప్పుకుని ఊరందరికీ కోట్లు కుట్టిపెట్టింది. హెడ్‌ఫోన్లు తీసి నా వైపు తిరిగినప్పుడు మాత్రం, ఫ్యాను తగ్గించమంది.

చెప్పి ఉంటే నేనేం చేసేవాణ్ణి? ఏమీ లేదు. సరేలే, పడుకో అనేవాణ్ణి. అయినా చెప్పాల్సింది. నాకు చెప్పాల్సిన మాట అది. వేరేవాళ్ళకి ఇచ్చేసింది. నేను దీన్ని క్షమించలేదు, క్షమించను.

"బాబాయిగారూ, మీరు కూడా రండి ఆటలోకి" అన్నాడు కమ్మరి. "ఏ పని తీసుకుంటారు?"

ల్యాప్‌టాప్ మూత వేసేశాను.

ఈ సంగతి ఇక నేను ఎత్తను. ఇంట్లో ఎత్తను, ఇక్కడ రాయను. మీలో ఎవరైనా దారిలో ఆపి అడిగితే, మీ కాలర్ ఎంత వంకరగా ఉన్నా చూడకుండా వెళ్ళిపోతాను.