అల్మాటీకా? ఆస్తానాకా?

శనివారం పొద్దున సాకెన్ వేసుకున్న పథకం చాలా చిన్నది. టీ తాగాలి, ఒక ఊరి పేరు ఖాయం చేసుకోవాలి, సాయంత్రం నాలుగులోపు ఫోన్ చేసి చెప్పాలి. అతను ఉండే చిన్న ఊరు బాల్ఖాష్‌లో లిఫ్టులున్న భవనాలను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. వాటిలో సగం లిఫ్టులు అతని పెళ్లికి ముందే పనిచేయడం మానేశాయి. అలాంటి ఊళ్లో లిఫ్టు మెకానిక్‌గా పదకొండేళ్లు నెట్టుకొచ్చినవాడికి ఒకేసారి రెండు మహానగరాల నుంచి పిలుపు వచ్చింది. ఉత్తరాన ఆస్తానా, దక్షిణాన అల్మాటీ. కారులో ఎటు వెళ్లినా ఎనిమిది గంటలే. రెండు కంపెనీలూ రెండు వారాల గడువిచ్చాయి. ఆ గడువు ఇవాళ్టితో సరి.

"ఇవాళ తేల్చేస్తాను," అన్నాడు నూనెలో వేయించిన పిండిముద్ద, బావుర్సాకును టీలో ముంచుతూ.

"తేల్చకపోతే రెండూ పోతాయి. నేను మాత్రం ఈ ఊళ్లో ఇంకో చలికాలం ఉండను. ఇప్పుడే చెబుతున్నా," అంది భార్య రౌషాన్. ఆమె ఇంట్లో కిటికీ పరదాలు కుడుతుంది. ఊళ్లో కిటికీలన్నిటికీ కుట్టేసి చాలా కాలమైంది.

"నీకేది ఇష్టమో చెప్పకూడదూ?"

"చచ్చినా చెప్పను. సోఫా నేను ఎంచాను, తొమ్మిదేళ్లుగా నీకు నడుం నొప్పొస్తే నాదే తప్పు. కారు రంగు నేను ఎంచాను, దుమ్ము కనిపిస్తే నాదే తప్పు. నీ ఉద్యోగం సంగతి నువ్వే చూసుకో. నా నోటి నుంచి ఒక్క మాట రాదు."

 ఇంతవరకూ సాకెన్ సొంతంగా ఎంచుకున్నది ఏదైనా ఉందా అంటే, అది రౌషాన్ ఒక్కతే. అది కూడా ఆమే ముందు అడిగింది.

సరే, శాస్త్రీయంగా తేల్చుకుందామనుకున్నాడు. అల్మాటీ పొగ తట్టుకోగలడో లేదో చూసుకోవడానికి నిన్ననే బాల్కనీలో తడి చీపురు కాల్చి, కింది ఇంటివాళ్ల చేత తిట్లు తిన్నాడు. ఇవాళ ఆస్తానా చలి వంతు. అటక మీది నుంచి నక్కతోలు టోపీ దింపి, చెవులు కప్పుకుని, గడ్డం కింద తాళ్లు బిగించి కట్టుకుని, ఫ్రిజ్ పై అర తలుపు తెరిచి అందులో తల పెట్టాడు. బయట జూన్ నెల ఎండ మండిపోతోంది.

సరిగ్గా అప్పుడే పక్కింటి బాతిమా పిన్ని ఉప్పు కోసం గిన్నెతో వచ్చింది. జూన్‌లో నక్కతోలు టోపీ పెట్టుకుని మంచులో తల పెట్టిన మనిషిని చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఓరి నీ! అయితే ఆస్తానాయేనన్నమాట!"

"అబ్బే, పిన్నీ, నేనింకా..." అన్నాడు సాకెన్ మాంసం ముద్దల మధ్య నుంచి. ఫ్రిజ్‌లో పెట్టిన తల నుంచి మాట బయటికి రాలేదు. పిన్ని గిన్నె అక్కడే పడేసి మెట్లు దిగి పరుగెత్తింది. అరవై ఏళ్ల మనిషి, మోకాళ్ల నొప్పులు, అయినా ఎందుకాగుతుంది? శుభవార్త మొదట మోసుకెళ్లి "సుయిన్షి!" అని అరిచినవాళ్లకు కానుక ఇచ్చి తీరాలి. ఆ సంగతి పిన్నికి తెలిసినంతగా ఆ వీధిలో ఇంకెవరికీ తెలియదు.

అరగంటలో ఓరాజ్ పెదనాన్న దిగాడు. సాకెన్ తండ్రికి అన్న. డెబ్బై ఎనిమిదేళ్లవాడు. వెనకాల తండ్రి తరఫు బంధువులు పదకొండు మంది, వాళ్ల వెనక కొత్త పట్టు అంగీ తొడుక్కుని బాతిమా పిన్ని. కానుక అప్పుడే ముట్టేసింది.

"రాజధానికి పోతున్నావుట్రా! మా వంశంలో ఎవడూ పోలేదు!" అంటూ పెదనాన్న కళ్లు తుడుచుకున్నాడు. ఆ తడి చూసి సాకెన్‌కు నిజం చెప్పబుద్ధి కాలేదు. పైగా టోపీ తాళ్ల ముడి బిగిసిపోయి ఊడి రావడం లేదు.

"పెదనాన్నా, ఒక్క మాట..."

"మాటలు తర్వాత. ముందు దీవెన."

పెద్దాయన అరచేతులు రెండూ చాచాడు. పదకొండు మందీ చాచారు. ఇక ఆయన దీవిస్తుంటే మధ్యలో నోరు తెరిచే ధైర్యం ఆ వంశంలో పుట్టలేదు. ఆస్తానాలో నీ గడప చల్లగా ఉండాలి, నీ లిఫ్టు పైకే పోవాలి అంటూ ఆయన సాగదీస్తుంటే, టోపీ కింద సాకెన్ తల ఉడికిపోయింది. చెమట కళ్లలోకి కారింది. భరించలేక రెండు చేతులతో మొహం పై నుంచి కిందికి తుడుచుకున్నాడు.

"ఆమీన్!" అంది ఇల్లంతా. దీవెన అందుకున్నవాడు మొహం తుడుచుకుంటే ఒప్పుకున్నట్టే. సంతకం పెట్టిన కాగితమైనా చించేయొచ్చేమో గానీ, అందుకున్న దీవెన వెనక్కి పోదు.

రౌషాన్ టీ కప్పులు తెచ్చి, "చాలా చెమట పట్టినట్టుందే," అని మాత్రం అంది.

కబురు మేనమామకు చేరకుండా ఉంటుందా? జుమాష్ మామయ్యకు మేనల్లుడంటే ప్రాణం, అల్మాటీ అంటే అంతకన్నా ప్రాణం. సైన్యంలో ఉన్నప్పుడు రెండేళ్లు అక్కడ ఉన్నాడు. మధ్యాహ్నం ఒంటిగంటకు తల్లి తరఫు వాళ్లను నాలుగు కార్లలో ఎక్కించుకుని, డిక్కీలో బతికున్న గొర్రెతో వచ్చి పడ్డాడు. ఆ సమయానికి సాకెన్ స్నానాల గదిలో ఉన్నాడు. రౌషాన్ కత్తెరతో తాళ్లు కోసి టోపీ ఊడదీసింది, అతను తల మీద చన్నీళ్లు కుమ్మరించుకుంటున్నాడు.

"నా మేనల్లుణ్ణి గాలికి కొట్టుకుపోయే ఊరికి పంపుతారా? ఆస్తానాలో మనిషి వీధి దాటాలంటే స్తంభం పట్టుకోవాలి! కొండలూ పండ్లూ ఉన్న అల్మాటీకి పోతాడు వాడు. చేతులు చాచండి!" అని హాల్లో నిలబడి మామయ్య అరిచాడు. చాచారు. పండ్లు, కొండలు, ఇంటి నిండా పిల్లలు అని ఆయన దీవించడం పూర్తవుతుండగా సాకెన్ తలుపు తీసుకుని వచ్చాడు. నీళ్లు కారుతున్నాయి, తువ్వాలు కనిపించలేదు. రెండు చేతులతో మొహం తుడుచుకున్నాడు.

"ఆమీన్!"

సాకెన్ నోరు వెళ్లబెట్టాడు.  ఇల్లు రెండు ముక్కలైంది.

"మొదట పడ్డ దీవెనదే చెల్లుబాటు," అన్నాడు ఓరాజ్ పెదనాన్న.

"తర్వాత పడ్డది పైన ఉంటుంది. పైన ఉన్నదే లెక్క," అన్నాడు జుమాష్ మామయ్య.

"మీ అల్మాటీలో భూమి ఊగుతుంది!"

"మీ ఆస్తానాలో ఉమ్మేస్తే కింద పడేలోపు గడ్డ కడుతుంది!"

ముప్పై మంది అరుస్తున్నారు. వీళ్లలో ఒక్కరికీ రెండు ఊళ్లలో ఎక్కడా ఇల్లు లేదు. డిక్కీలోంచి ఎవరో వదిలేసిన గొర్రె మాత్రం నెమ్మదిగా మెట్లెక్కి వచ్చి, కుట్టి పెట్టిన పరదా అంచు నమలసాగింది. మూడున్నర అయింది. సాకెన్ గడియారం వైపు చూసి వంటింట్లోకి పోయి రౌషాన్ పక్కన కూలబడ్డాడు.

"ఏడుపొస్తోంది," అన్నాడు నిజంగానే.

"నాకూ వస్తోంది. ఆ పరదా రేపు ఇవ్వాలి," అంది రౌషాన్, కానీ అతని తల తువ్వాలుతో తుడిచింది.

ఇంతలో హాల్లో పెద్దలిద్దరికీ రాజీ కుదిరింది. మన తాతలు చలికాలం ఒకచోట, ఎండాకాలం ఒకచోట మందలు తోలుకుని బతకలేదా? వీడూ అంతే. ఎండాకాలం ఆస్తానా, చలికాలం అల్మాటీ. రెండు దీవెనలూ నిలబడతాయి. ఎవరి పరువూ పోదు. అందరూ చప్పట్లు కొట్టారు. సాకెన్ పరుగెత్తుకొచ్చేసరికి పెదనాన్న అతని ఫోన్ తీసుకుని ఆస్తానా కంపెనీ పెద్దతో మాట్లాడేస్తున్నాడు.

"బాబూ, మా వాడు మే నుంచి సెప్టెంబరు దాకా నీ దగ్గర ఉంటాడు. మంచు పడగానే ఆ అల్మాటీ వాళ్ల దగ్గరికి దిగిపోతాడు. మనవాళ్ల పద్ధతే కదా, నీకు తెలియనిదేముంది?"

అవతలి మనిషి పెద్దలంటే గౌరవం ఉన్నవాడు, ఓపిగ్గా విన్నాడు. "తాతగారూ, మా లిఫ్టులు చెడేది చలికాలంలోనే. మీ అబ్బాయికి నా సలాములు," అని పెట్టేశాడు.

ఆస్తానా పోయింది. మామయ్య మీసం మెలేసి, ఫోన్ లాక్కుని, అల్మాటీ కంపెనీ మేనేజరు గుల్జామల్‌కు కలిపి, పండ్ల గురించి మొదలుపెట్టాడు. ఆవిడ మధ్యలోనే ఆపింది.

"అతన్నే చెప్పమనండి. వస్తాడా, రాడా?"

ఫోన్ స్పీకరులో పెట్టి సాకెన్ చేతికిచ్చారు. నాలుగుకు ఆరు నిమిషాలుంది. ఇక ఒక్కటే ఊరు మిగిలింది. అవును అంటే చాలు.

"అమ్మా," అన్నాడు సాకెన్, "ఆస్తానా లేదని తెలిశాక... అదే బాగుండేదేమో అనిపిస్తోంది. రెండు రోజులు..."

ముప్పై నోళ్లూ ఒక్కసారి లేచాయి. పెదనాన్న కర్ర నేలకేసి కొట్టాడు, గొర్రె అరిచింది, బాతిమా పిన్ని శాపనార్థాలు పెట్టింది. రౌషాన్ వంటింటి గుమ్మంలోకి వచ్చి, గొంతు పెంచకుండా, "ఎవరికీ ఏమీ కాదు, అందరూ కూర్చోండి," అంది. అందరూ కూర్చున్నారు. పెదనాన్న కూడా. ఆమె ఫోన్ అందుకుంది.

"గుల్జామల్ గారూ, కంగారు పడకండి. ఆయన రెండంతస్తుల మధ్య ఇరుక్కున్న మనిషి. నేను పదకొండేళ్లుగా దింపుతున్నాను. ఒక్క నిమిషం నిదానించండి."

గుల్జామల్ వెంటనే అడిగింది.

"ఇందాక ఆ గోలంతా ఆపింది మీరేనా?"

"అవును."

"మా దగ్గర లిఫ్టుల్లో ఇరుక్కున్నవాళ్లు ఫోన్ చేసి ఏడుస్తారు, తిడతారు. వాళ్లతో మాట్లాడే అమ్మాయిలు వారానికొకరు పారిపోతున్నారు. మీరు వస్తారా? సోమవారం నుంచి."

"వస్తాను," అంది రౌషాన్.

అంత సులువుగా ఒక మనిషి నోట్లోంచి ఆ మాట రావడం సాకెన్ జీవితంలో మొదటిసారి విన్నాడు. "నువ్వు ఏమీ నిర్ణయించనన్నావుగా!" అన్నాడు.

"నీ ఉద్యోగం సంగతి నిర్ణయించనన్నాను. ఇది నాది."

"మీ ఆయన్ని కూడా తీసుకురండి," అంది ఫోన్‌లోంచి గుల్జామల్. "ఏ లిఫ్టు దగ్గరికి పోవాలో మీరే చెబుదురుగాని."

సాకెన్‌కు సిగ్గేసింది. కానీ ఆ సిగ్గు కింద గుండె తేలిక పడి, పొద్దుటి నుంచి మొదటిసారి ఆకలి కూడా వేసింది. పెదనాన్న మాత్రం గొంతు సవరించుకుని, కోడలికి దీవెన ఇవ్వడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదని ప్రకటించాడు. మామయ్య అల్మాటీ గెలిచిందని చెప్పి పెదనాన్నను కౌగిలించుకున్నాడు.

అల్మాటీకి వచ్చి మూడేళ్లయింది. ఈ ఊరు ఎలా ఉందని ఎవరైనా అడిగితే, ఆలోచిస్తున్నానంటాడు సాకెన్.