కొనొద్దని చెప్పే కౌంటరు

చెప్పిన పనిని ఎదురు ప్రశ్న వేయకుండా చేసేవాళ్లు ఈ లోకంలో లేరని మీరు బాధపడుతున్నారా? అయితే మీ ఇంట్లో ఇంకా ఏఐ ఏజెంటు అడుగుపెట్టలేదన్నమాట!

మా ఇంట్లో పెట్టింది. ధర్మవరంలో చీరల అంగడి నడుపుకుంటూ, బి.ఏ. చరిత్ర చదువుతో సర్వర్లకు ఆజ్ఞలు జారీ చేస్తున్నవాడిని నేను. నవ్వకండి. గుర్రానికి నాడా కొట్టడం తెలియకుండానే చక్రవర్తులు రాజ్యాలు ఏలలేదా?

నా భార్య భాగ్య బతికున్న రోజుల్లో నా ఆజ్ఞలకు ఇంత విలువ ఉండేది కాదు. ఫ్యాను వేయమంటే "ఈ చలిలోనా?" అనేది. సంచి ఇవ్వమంటే "యాడికి? ఎందుకు? ఇప్పుడేనా?" అనేది. ఏజెంటు అలా కాదు. అడగదు. చేసేస్తుంది. నాగరికత అంటే ఇదే కదా!

అసలు సంగతి చెబుతాను. శ్రావణమాసం వస్తే మా వెబ్‌సైటు మీద జనం ఎగబడతారు. అందరికీ చీరలు చూపించలేక సైటును నడిపే ఒక్క సర్వర్ మిషన్ చతికిలబడుతుంది. అందుకని హిందూపురంలో ఉండి కంప్యూటరు ఉద్యోగం చేసే మా అమ్మాయి చందన, కావలసినప్పుడు ఇంకొన్ని మిషన్లు చేర్చుకునేలా దాని ముందు లోడ్ బ్యాలెన్సర్ అనేదాన్ని పెట్టింది. పెద్ద అంగడి గుమ్మంలో నిలబడి "మీరు ఈ కౌంటరుకు, మీరు ఆ కౌంటరుకు" అని జనాన్ని సర్దే మనిషి లాంటిది అది. వెనకుండే మిషన్లను టార్గెట్లు అంటారు. అవి పనిచేస్తున్నాయో లేదో తెలుసుకోవడానికి అరనిమిషానికోసారి "బాగున్నావా?" అని ఒక్కోదాన్నీ పలకరిస్తుందట. ఎంత మర్యాద! మా బంధువులు పండక్కోసారి పలకరిస్తారు, అదీ ఎవరో పంపిన పూలబొమ్మతో.

ఆ రోజు సైటు మొరాయించే సమయానికి చందన బస్సులో ఉంది. ఫోనెత్తలేదు. నేను జంకానా? లేదు! ఏజెంటుకు తెలుగులోనే చెప్పాను. "మన మిషన్లన్నీ లోడ్ బ్యాలెన్సర్‌కు చేర్చు." ఒకరిని పిలిచి ఒకరిని వదిలేయడం మా ఇంటి పెళ్లిళ్లలోనే లేదు, మిషన్ల దగ్గర ఎందుకుంటుంది?

"చేర్చాను. అన్నీ ఆరోగ్యంగా ఉన్నాయి" అంది. టీ చల్లారకముందే పని పూర్తి! నా భుజం నేనే తట్టుకున్నాను.

ఆ 'అన్నీ'లో ఒక పాత మిషన్ కూడా ఉంది. మా మొదటి సైటు దాంట్లోనే ఉండేది. అందులో ప్రతి చీర కిందా భాగ్య తనకు తోచింది తోచినట్టు రాసేది. ఆమె పోయాక చందన కొత్త సైటు కట్టింది. దానికి రాతకోతలన్నీ ఏఐవే. ప్రతి చీరా 'రాజసానికి ప్రతిరూపం'. దాని ముందు గోనెసంచి పెట్టినా అదే రాస్తుంది. పాత మిషన్‌ను ఆపేద్దామని చందన అన్నప్పుడల్లా నేను "ఉండనీలే" అంటూ వచ్చాను.

మర్నాడు పెనుకొండ నుంచి నరసక్క అనే ఆమె ఫోన్ చేసింది.

"ఏమప్పా, నిన్న జూస్తే వంగపండు రంగు చీర కింద 'రంగు దిగుతుంది, పెళ్లికి కొనొద్దు' అని ఉండాది. ఈపొద్దు జూస్తే అదే చీరను రాజసం అంటాండారు. ఏది నిజం?"

"రెండూ మావేనమ్మా."

"రాజసం యాడన్నా దొరుకుతాది. నాకు బిడ్డ పెండ్లికి చీర కావల్ల. ఆ కొనొద్దనే ఆయమ్మకు ఫోనియ్యి. ఏది కొనల్లో ఆయమ్మనే అడుగుతా."

"ఆమె... లీవులో ఉందమ్మా."

"ఎప్పుడొస్తాది?"

ఉండమని చెప్పి సైటు తెరిచాను. రాజసమే వచ్చింది. రిఫ్రెష్ కొట్టాను. మళ్లీ రాజసం. ఇంకోసారి కొడితే భాగ్య కౌంటరు తగిలింది. పెళ్లిచీరల దగ్గర ఆమె రాసింది చదివి వినిపించాను. "నెమలిపచ్చది తీసుకోండి. బరువు తక్కువ. పెళ్లికూతురు ఎంతసేపు కూర్చున్నా విసుక్కోదు."

"అట్ల చెప్పల్ల! అదే పంపించు" అంది నరసక్క.

సాయంత్రానికి చందన ఫోన్.

"నాయనా, ఏం చేసినావు? సగం మందిని అమ్మ కొనొద్దంటాండాది!"

"సగం మందినేనా? నన్ను బతుకంతా అనిందమ్మా."

"ఎగతాళి కాదు. నువ్వే చేర్చినావు, నువ్వే తీసెయ్."

సరేనని ఏజెంటుకు చెప్పాను. చేర్చేటప్పుడు ఒక్క ముక్క అడగని ఏజెంటు ఇప్పుడు అడిగింది. "ఈ టార్గెట్‌ను నిజంగానే తీసేయమంటారా?"

నన్ను ఎవరైనా అలా ఎదురడిగి చాలా కాలమైంది.

"వద్దు" అన్నాను.

చందనకు ఆ మాటే చెప్పాను. తను పదిమందిలో ఒక్కరిని మాత్రమే ఆ కౌంటరుకు పంపేలా సర్ది పెట్టింది.

కాబట్టి పాఠక మహాశయులారా, ఏ చీర కిందైనా 'కొనొద్దు' అని కనబడితే మా సైటు పాడైందనుకోకండి. నమ్మండి. ఆ మాట నమ్మక నేను కొన్న చొక్కాలు ఇంకా బీరువాలోనే ఉన్నాయి.

ఈ మధ్య సైటుకు రద్దీ పెరిగిందని చందన సంబరపడుతోంది. ఇంకో టార్గెట్ చేర్చమంటారా అని ఏజెంటు కూడా అడగడం నేర్చింది. అక్కర్లేదు. ఆ రద్దీ నేనే. ఎన్నిసార్లు రిఫ్రెష్ కొట్టినా భాగ్య వంతు ఒక పట్టాన రావడం లేదు.