జున్ను పుట్టింటి పరువు

సింధూరికి అన్నిటికన్నా పెద్ద భయం ఒక్కటే: ఏదో ఒక పొద్దున జున్ను లేవదు, ఐదేళ్ల రుచిత వచ్చి "అమ్మా, నువ్వు చూసుకోలేదా?" అని అడుగుతుంది.

జున్ను వాళ్ళ కుక్క. తెల్లటి ఉంగరాల బొచ్చుతో, దూరం నుంచి చూస్తే గొర్రెపిల్లలా ఉంటుంది. రెండు నెలల కిందట నిలబడ్డది నిలబడ్డట్టే కూలిపోయింది. రక్తంలో ఉప్పు తగ్గి పొటాషియం పెరిగిందని డాక్టరు ఉషశ్రీ గారు పట్టుకున్నారు. మూత్రపిండాల పక్కనుండే చిన్న గ్రంథులు హార్మోన్లు తయారుచెయ్యడం మానేశాయట. రోజూ మాత్ర వేస్తే హాయిగా బతుకుతుంది, ఆపితే బతకదు. "ఈ జాతిలో వంశపారంపర్యంగా వస్తుందమ్మా. తల్లి నుంచీ తండ్రి నుంచీ చేరితేనే పైకొస్తుందని అనుకుంటున్నాం. ముందే చెప్పే పరీక్ష ఇంకా రాలేదు. ఆ జంటను మళ్ళీ కలపనివ్వకండి" అన్నారు డాక్టరు గారు. ఇంటర్ మొదటి ఏడాదిలోనే పెళ్లయి చదువాగిపోయిన సింధూరి ఆ మాటలన్నీ రుచిత నాలుగు గీతల కాపీ పుస్తకంలో రాసుకుంది.

చిక్కల్లా జున్ను పుట్టిన చోటుతోనే. అది అత్తగారు వెంకటరత్నమ్మ పుట్టింటి నుంచి సారెలా వచ్చిన కుక్క. గుడివాడలో ఆవిడ తమ్ముడు రత్తయ్య, మంచి జాతి బయటికి పోకూడదని, తన ఆడకుక్క మహారాణికి మేనబావ వరసయ్యే మహారాజాను తెచ్చి మేనరికం చేశాడు. శుక్రవారం ఆ జంటను మళ్ళీ కలుపుతున్నాడు.

అందుకని ఆ ఆదివారం సింధూరి చిన్న పథకం వేసుకుంది. జున్నుకు ఇడ్లీ ముక్కలో మాత్ర పెట్టి తినిపించింది. అత్తగారు పూజలో ఉండగానే గుడివాడకు ఫోన్ చేసింది. రత్తయ్య భార్య సంపూర్ణమ్మ ఎత్తింది.

"పిన్నిగారూ, శుక్రవారం ఆ జంటను కలపొద్దని బాబాయిగారికి చెప్పండి. జున్ను జబ్బు రెండువైపుల రక్తంలోనూ ఉందంట."

"రెండువైపులేంటమ్మాయ్? మహారాజా మా అన్నయ్య ఇచ్చిన కుక్క!" అని సంపూర్ణమ్మ ఫోన్ పెట్టేసింది.

పది నిమిషాలకు వెంకటరత్నమ్మ హారతి పళ్లెంతో సహా వంటింట్లోకి వచ్చింది. "ఏమే, మా పుట్టింటి రక్తంలో లోపముందన్నావా?"

"కుక్క రక్తంలో అన్నానత్తయ్యా."

"ఆ కుక్క ఎక్కడ పుట్టింది? మా తమ్ముడి వాకిట్లో. మా తమ్ముడెక్కడ పుట్టాడు?"

సింధూరి కాపీ పుస్తకంలో ఈ ప్రశ్న కోసం వెతికింది. తొమ్మిదింటికి ఉయ్యూరు నుంచి చుట్టం సీతమ్మ ఫోన్ చేసి, కిడ్నీలు పోయింది ఎవరికని ఏడ్చింది. తొమ్మిదిన్నరకు ఇంకో బంధువు, తనకు బీపీ ఉంది కాబట్టి కిడ్నీ ఇవ్వడం కుదరదని ముందే చెప్పేశాడు. సింధూరి భర్త చక్రికి ఆటోనగర్ షాపులో అర్జెంటు పని గుర్తొచ్చింది. ఆ షాపుకు ఆదివారం సెలవు.

పదకొండింటికి పటమటలోని వాళ్ళ అపార్టుమెంటు ముందు ట్రాలీ ఆటో ఆగింది. మండుటెండలో రత్తయ్య, సంపూర్ణమ్మ, నల్ల కళ్ళద్దాలతో బండి నడుపుతున్న వాళ్ళబ్బాయి కిరీటి, సాక్ష్యానికి మూడు కుక్కలు దిగారు: మహారాణి, మహారాజా, జున్నుతోపాటే పుట్టిన కోవా. జున్నును పడకగదిలో పెట్టి గడియ వేసి, సింధూరి కిందికి దిగింది. అన్ని బాల్కనీల్లోనూ జనం నిలబడ్డారు.

"చూడమ్మాయ్! గుర్రాల్లా ఉన్నాయి. వీటికేం రోగం?" అన్నాడు రత్తయ్య. "కోవాను కూడా చూడు. రెండ్రోజులుగా ఎండలకి తిండి తినట్లేదు గానీ, లేకపోతే పులే."

"వాటికి రోగం లేదు బాబాయిగారూ. తలా సగం లోపల దాచుకున్నాయి. రెండు సగాలూ కలిసిన పిల్లకి పైకొస్తుంది."

"లేని రోగం పిల్లకెట్టా ఇస్తాయే! ఇంటర్ కూడా గట్టెక్కలేదు, డాక్టరమ్మ బయల్దేరింది" అంది వెంకటరత్నమ్మ.

సింధూరి వెనక్కి తగ్గలేదు. "బాబాయిగారికి పిల్లికళ్ళు లేవు. పిన్నిగారికీ లేవు. మరి కిరీటికెక్కడివి?"

కిరీటి గబుక్కున కళ్ళద్దాలు సర్దుకున్నాడు. బాల్కనీలన్నీ ముందుకు వంగాయి. సంపూర్ణమ్మ మొహం కందిపోయింది. "ఏం మాటది? మా నాయనమ్మవి పిల్లికళ్ళు!"

తమ్ముడి సంసారం నడివీధిలో పడేసరికి వెంకటరత్నమ్మ అడ్డం దూకింది. "మా తాతవీ పిల్లికళ్ళే! మావైపూ ఉంది, వాళ్ళవైపూ ఉంది. రెండూ కలిసి పిల్లాడికొచ్చాయి. అందులో వింతేముంది?"

"నేను పొద్దుణ్ణుంచి చెప్తుంది అదేగా అత్తయ్యా" అంది సింధూరి.

అంతలో కోవా కాస్త కక్కి, వెనక కాళ్ళు వణికి, పక్కకు ఒరిగింది.

"దిష్టి! ఇన్ని కళ్ళు పడితే ఏమవుద్ది మరి!" అంటూ వెంకటరత్నమ్మ ఉప్పు కోసం పరిగెత్తింది. సింధూరి కోవా రొమ్ము మీద చెయ్యి పెట్టింది. భయపడ్డ కుక్క గుండె దడదడలాడాలి. ఇది మాత్రం ఒకసారి కొట్టుకుని, కాసేపు ఆలోచించుకుని, ఇంకోసారి కొట్టుకుంటోంది. ఆ రోజు జున్నుది అచ్చం ఇలాగే కొట్టుకుంది.

"కిరీటీ, బండి తియ్యి! ఉషశ్రీ గారి క్లినిక్కి. బాబాయిగారూ, ఎత్తండి!"

"దిష్టి తియ్యకుండా కదలకూడదే!" అంటూ వెంకటరత్నమ్మ ఉప్పుతో తిరిగొచ్చింది.

"దిష్టి దారిలో తియ్యండి. ముందు బండెక్కండి!" పెళ్లయ్యాక సింధూరి అత్తగారి మీద అరవడం అదే మొదలు. వెంకటరత్నమ్మ గుప్పిట్లో ఉప్పుతో బుద్ధిగా ఎక్కింది.

సెలైనూ ఇంజెక్షనూ పడ్డాక, గంటన్నరకు కోవా తల ఎత్తింది. రక్తపరీక్షలో అదే లెక్క తేలింది. "ఇంకాస్త ఆలస్యమైతే దక్కేది కాదు. గుర్తుపట్టిందెవరు?" అని అడిగారు డాక్టరు గారు. రత్తయ్య తలపాగా విప్పి మొహం తుడుచుకుని, "మా అమ్మాయేనండి" అన్నాడు. శుక్రవారం కార్యక్రమం అక్కడికక్కడే రద్దయింది.

వెంకటరత్నమ్మ మాత్రం ఇప్పటికీ వచ్చినవాళ్ళందరికీ చెబుతూనే ఉంది: "ఎక్కించింది ఉప్పునీళ్ళేగా? ఉప్పు నేను ముందే పట్టుకెళ్ళా. అసలా లోపం మగకుక్కది, సంపూర్ణమ్మ పుట్టింటిది." వంటింట్లోంచి సింధూరి ప్రతిసారీ వదలకుండా అరుస్తుంది: "రెండువైపులా, అత్తయ్యా!"

జున్నుతోపాటు పుట్టిన మూడోది, మీగడ, కంకిపాడులో ఉంది. దాన్ని ఇచ్చాక, తీసుకున్నవాళ్ళకూ రత్తయ్యకూ పొలం గట్టు తగాదా వచ్చి మాటల్లేవు, ఫోన్ చేస్తే ఎత్తరు. మీరెవరైనా అటు వెళ్తే, అది సరిగ్గా తింటోందో లేదో ఒక్కసారి చూసి, డాక్టరుకు చూపించమని చెప్పి రండి. వెంకటరత్నమ్మ గారి పుట్టింటివైపు వాళ్ళమని మాత్రం అనకండి.