అత్తగారి కరక్కాయ మొక్క

గడియారాలు బాగుచేసే ఆయనకు దుకాణంలో మాటలతో పెద్దగా పని ఉండదు. ఇంట్లోనూ అలాగే నెట్టుకొచ్చాడు, అత్తగారు వచ్చి ఉండేదాకా.

ఆ ఉదయం టీ అందిస్తూ భార్య నిలదీసింది. "మా అమ్మ వచ్చి రెండు నెలలైంది. 'తిన్నారా అత్తయ్యా', 'తిన్నాను బాబూ' తప్ప మీ మధ్య ఇంకో మాట లేదు. ఇవాళైనా కాస్త కబుర్లు చెప్పండి."

మొక్క ఊసుతో మొదలుపెడదాం అనుకుని పెరట్లోకి నడిచాడు. అక్కడ అత్తగారి గది ముందు తొట్టిలో జానెడు కరక్కాయ మొక్క ఉంది. మామగారు వేలంపాటలు నడిపిన మనిషి. గొంతు నిలవడానికి ఎప్పుడూ ఆయన బుగ్గన కరక్కాయ ముక్క ఉండేది. పోయే ముందు ఆయన చెట్టు కింద ఏరుకొచ్చిన కాయల గింజలన్నీ ఆవిడ నాటితే, ఎదురుచూడగా ఎదురుచూడగా ఒక్కటే మొలిచింది.

తీరా చూస్తే దాని ఆకులు పసుపెక్కి ఉన్నాయి! అల్లుడు కంటికి భూతద్దం బిగించి ఒక్కో ఆకూ పరీక్షించాడు. పాపం దాహమేసి ఉంటుందని చెంబెడు నీళ్లు పోసి, ఏమీ ఎరగనట్టు దుకాణానికి వెళ్లిపోయాడు. కాసేపటికి అత్తగారు వచ్చి, అదే పసుపు చూసి, అదే అనుకుని, ఇంకో చెంబు పోసింది. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. ఆకులు రాలడం మొదలైంది.

ఎండ చాలడం లేదేమోనని ఆయన తొట్టిని వీధి గేటు పక్కకు చేర్చాడు. అది చూసి ఆవిడ మనసు చివుక్కుమంది. "మొక్కను వీధిలో పెట్టాడంటే నన్ను పొమ్మనలేకేగా" అని గొణుక్కుని, తొట్టిని మళ్లీ నీడకు లాగి, బట్టలు సర్దుకోసాగింది.

మధ్యాహ్నం భోజనానికి వచ్చిన ఆయనకు గుమ్మంలో బ్యాగు కనిపించింది. మొక్క చచ్చిపోతోందనే బెంగతోనే ఈవిడ వెళ్లిపోతోందనుకున్నాడు. ఒక్క ఉదుటున పెరట్లోకి ఉరికి తొట్టిని ఎత్తాడు. ఆవిడ పరిగెత్తుకొచ్చి రెండో వైపు పట్టుకుంది.

"వదలండి బాబూ! మేమిద్దరం పోతున్నాం."

"మీరు వదలండి అత్తయ్యా! మొక్కలమ్మే అతనికి చూపించాలి."

"వీధిలో పెట్టింది చాల్లేదా?"

"అయ్యో, ఎండ తగలాలని పెట్టానండీ!"

"ఎండకా?" అంటూ ఆవిడ చేతులు వదిలేసింది. అదే క్షణంలో, పెద్దావిడతో పెనుగులాటేమిటని ఆయనా వదిలేశాడు. తొట్టి నేలకు కొట్టుకుని పగిలింది. కంపు కొట్టే బురదనీళ్లు ఇద్దరి పాదాలనూ ముంచెత్తాయి.

చప్పుడు విని భార్య వచ్చింది. "ఇన్ని నీళ్లెక్కడివి?"

"రోజూ ఓ చెంబు పోస్తున్నా" అన్నాడాయన.

"నేనూ పోస్తున్నా" అంది అత్తగారు.

భార్య తొట్టి అడుగు ముక్కను తిరగేసి చూసింది. "దీని చిల్లులేమయ్యాయి?"

ఆయన తల వంచుకున్నాడు. "నీళ్లు కారి గది ముందు తడిగా ఉంటోంది. అత్తయ్య జారిపడతారేమోనని, గడియారాల్లోకి తేమ చొరకుండా వాడే జిగురుతో పోయిన నెలే మూసేశాను."

అత్తగారు బురదలో నిలబడ్డ అల్లుణ్ణి ఎగాదిగా చూసింది.

"నేను జారిపడతాననా?" అంది. కళ్లు తడిశాయి. వెంటనే ఫక్కున నవ్వేసింది. "నీ తెలివి తెల్లారినట్టే ఉందిరా నాయనా! అది మొక్కరా, గడియారం కాదు!"

ఆ మధ్యాహ్నం దుకాణం తెరవలేదు. ఆయన పట్టకారుతో మొక్కను పట్టుకుంటే, ఆవిడ కుళ్లిన వేళ్లను కత్తిరించింది. నీరు నిలవని మెరక చూసి ఇద్దరూ కలిసి నేలలోనే పాతారు. పనిచేస్తున్నంతసేపూ ఆవిడ తన భర్త వేలంపాటల కబుర్లు చెబుతూనే ఉంది. అల్లుడు పొట్ట చెక్కలయ్యేలా నవ్వాడు.

వానలు మొదలయ్యాక ఒక ఉదయం, మోడులా మిగిలిన కాడ చివర ఎర్రటి చిగురు కనిపించింది. అత్తా అల్లుడూ దాని ముందు గొంతుక్కూర్చుని లోకం మరిచిపోయారు. ఆయన ఆలస్యంగా దుకాణానికి చేరేసరికి, గడియారం కోసం ఎదురుచూస్తున్న మనిషి, ఇంత ఆలస్యమేమిటని అడిగాడు.

"మా ఇంట్లో చిన్న ప్రాణం కళ్లు తెరిచిందండీ" అన్నాడాయన, మొహం వెలిగిపోతుండగా.

"శుభం! ఆడపిల్లా, మగపిల్లాడా?"

"కరక్కాయ."