హేమావతమ్మ మూత్రాశయ వ్యవహారం

పుదుచ్చేరి పెద్ద బజారులో ఆడవాళ్ళకు కూడా మూత్రాశయం ఉంటుందన్న సంగతి పాత్రల వర్తకుల సంఘం దృష్టికి నిరుడే వచ్చింది. అంతకుముందు ఆ అనుమానానికి ఆధారమేదీ లేదు. మగవాళ్ళకు ఉన్నట్టు మాత్రం పెద్ద కాలువ గోడ పొడవునా సాక్ష్యం ఉంది.

వ్యవహారం హేమావతితో మొదలైంది. ఆమె, భర్త సీతాపతి కలిసి బజారులో ఇత్తడి సామాన్ల అంగడి నడుపుతారు. ఆమెకు క్యాన్సర్ వచ్చింది. ఎక్కించబోయే కీమో మందు మూత్రాశయాన్ని పుండు చేస్తుందని, అలా జరగకుండా ఇంకో మందు కూడా ఇస్తామని డాక్టరు ప్రీతి చెప్పింది.

"మెస్నా అంటారమ్మా. దాని పని అది చేస్తుంది. మీరు నీళ్ళు బాగా తాగాల, ఎప్పటికప్పుడు ఒంటికి పోవాల. ఆపుకోనే కూడదు."

పెళ్ళయిన నాటినుంచీ అంగడి తెరిచింది మొదలు ఇల్లు చేరేదాకా ఆపుకోవడమే అలవాటైన హేమావతిని కీమో కన్నా ఈ మాటే ఎక్కువ భయపెట్టింది. ఇంట్లో పడుకుంటే చావు గుర్తొస్తుందని ఆమె అంగడికే వచ్చి కూర్చునేది. బజారు మొత్తానికి మరుగుదొడ్డి ఒక్కటే. అది సంఘం కార్యాలయంలో, తాళం వెనక, అధ్యక్షులు పట్టాభిరామన్ గారి సొంత వాడకానికి ఉంది.

సీతాపతి మర్యాదస్థుడు. మూత్రాశయమన్న మాట నోట పలకలేక, "గుండెకు కాపుదలగా మందిస్తా ఉండారు" అని నలుగురికీ చెప్పాడు. దాంతో బజారంతా గుండె వైద్యానికి పూనుకుంది. కదలొద్దన్నారు. నీళ్ళు తగ్గించమన్నారు. పదిమంది మాట తీసెయ్యలేక సీతాపతి ఆమె నీళ్ళ చెంబు దాచాడు కూడా. ఆమె వెతికి తెచ్చుకుంది.

రోగంతో కూడా అంగడికి వచ్చి కూర్చునే ఆమె ధైర్యానికి ముగ్ధమై సంఘం సన్మానసభ పెట్టింది. హేమావతి డాక్టరు మాట ప్రకారం కడుపునిండా నీళ్ళు తాగి వచ్చింది. పట్టాభిరామన్ గారు ఆమెకు శాలువా కప్పి మైకు పట్టుకున్నారు.

"గుండె! ఏమి గుండె! ఉక్కు గుండె! ఇక ఈ తల్లి ఓర్పు గురించి చెప్పాలంటే..."

ఓర్పు దగ్గర ఆయన ఎంతకీ కదల్లేదు. హేమావతికి కళ్ళు తిరిగాయి. లేచి ఆయన చేతిలో మైకు లాక్కుంది.

"అన్నా, నాది గుండెకాయ మందు కాదు. ఉచ్చబుడ్డ మందు. ఇప్పుడే పోవాల. తాళంచెవి యాడుంది?"

సీతాపతి తల వంచుకున్నాడు. ఆ మాట బజారుకు కొత్త కాదు. శాలువా కప్పుకున్న ఇల్లాలి నోట, మైకులో వినబడటమే కొత్త. పట్టాభిరామన్ గారు జేబులోంచి తాళంచెవి తీసి ఇచ్చారు. తిరిగి వచ్చేటప్పుడు హేమావతి నవ్వుతోంది. రోగం బయటపడ్డాక ఆమె నవ్వడం అదే మొదలు.

ఆ వారమే సంఘం చరిత్రాత్మక తీర్మానం చేసింది: చికిత్స సాగినంతకాలం హేమావతమ్మగారికి, ఆమెకు తోడుగా వచ్చే ఒక స్త్రీకి మరుగుదొడ్డి సౌకర్యం కల్పించడమైనది.

అప్పటినుంచీ ఆమెకు తోడుకు కరువు లేదు. పక్క అంగడిలో పొద్దస్తమానం నిలబడి చీరలు చూపే మరగతం, గాజులమ్మే జయమ్మాళ్, ఇంకా పేరు తెలియని వాళ్ళు ఒకరి తరవాత ఒకరు వచ్చేవాళ్ళు.

"అక్కా, నువ్వు పోవాల గదా?"

అక్కరలేకపోయినా హేమావతి లేచేది. ఇంత దయగల బజారు లోకంలో లేదని అధ్యక్షులు పొంగిపోయారు.

చివరికి కీమో ముగిసింది. రోగం జాడ లేదని ప్రీతి చెప్పింది. మళ్ళీ సభ పెట్టారు. చికిత్స ముగిసిందన్న శుభవార్తను పట్టాభిరామన్ గారు ప్రకటించగానే వెనక వరుసల్లో ఆడవాళ్ళ మొహాలు మాడిపోయాయి. హేమావతి అది చూసింది. మైకు అందుకుంది. సీతాపతి కళ్ళు మూసుకున్నాడు.

"ఇంకా ముగియలేదన్నా. రోగం పూర్తిగా పోలేదంట. ఆ మందు నేను ఉన్నన్నాళ్ళూ వేసుకోవాలంట."

వెనక వరుసలు చప్పట్లతో మారుమోగాయి. మరగతం ఈల వేసింది.

పట్టాభిరామన్ గారు చాలా నొచ్చుకున్నారు. సాటి మనిషికి రోగం పోలేదంటే చప్పట్లు కొట్టేటంతగా ఈ కాలపు ఆడవాళ్ళ గుండెలు రాళ్ళయిపోయాయని కళ్ళొత్తుకుంటూ సుదీర్ఘంగా ప్రసంగించారు. మధ్యలో ఒకసారి ఒంటికి వెళ్ళొచ్చి, మిగతాది పూర్తి చేశారు.