గోదావరి ఒడ్డున లేని గొలుసు

శనివారం తెల్లవారుతూనే ప్రిస్కిల్లా గారు కరీంనగర్ నుండి గోనెసంచులతో, చేతి తొడుగులతో, చర్చి సంఘంలోని పదిమందితో ధర్మపురి చేరుకున్నారు. ఉద్యోగ జీవితమంతా భూగోళశాస్త్రం బోధించిన ఆమె ఆటుపోట్లను నల్లబల్లపై ఎన్నోసార్లు గీశారు. సముద్రాన్ని మాత్రం ఒక్కసారీ చూడలేదు. భర్త జాన్సన్ గారు "వచ్చే ఎండకాలం పోదాం" అంటూనే ఉండేవారు. ఎండకాలాలు క్రమం తప్పక వచ్చాయి, ఆయనే వెళ్లిపోయారు.

ఇప్పుడొక స్వచ్ఛంద సంస్థ పోటీ పెట్టింది. సముద్రంలో చేరే ప్లాస్టిక్‌ను నదులు కూడా మోసుకుపోతాయి గనుక, నది ఒడ్డున అందరికంటే ఎక్కువ బరువు చెత్త ఏరిన బృందాన్ని అంతర్వేది సముద్రతీరం శుభ్రం చేయడానికి తీసుకువెళతారు. ఆ సంగతి తెలిసిన నాటి నుండి ప్రిస్కిల్లా గారికి నిద్రలో కూడా అలలే.

ఏరడం మొదలైన కాసేపటికి పూలమ్మే బుచ్చవ్వ దగ్గరికి వచ్చింది.

"ఏం ఎతుకుతున్రు బిడ్డా?"

"చెత్త ఏరుతున్నామమ్మా. ఇది సముద్రంలో కలవకూడదు," అన్నారు ప్రిస్కిల్లా గారు.

బుచ్చవ్వ నమ్మక, పక్కనే ఏరుతున్న ప్రిస్కిల్లా గారి మరిది బెన్నీని అడిగింది. బెన్నీకి నడుము నొప్పి కొత్తది, వేళాకోళం పాతది.

"మా వదినె గొలుసు పోయిందవ్వా. దుబాయి బంగారం," అన్నాడు.

గంట గడవకముందే ఒడ్డు నిండిపోయింది. స్నానానికి వచ్చినవారు తడిబట్టలతోనే వంగారు. వడ్లు దించి వస్తున్న ముత్తయ్య ట్రాక్టరు ఆపి దిగాడు. మిర్చిబండి వచ్చింది, వెనుకనే నీళ్ల పొట్లాలు వచ్చాయి. గొలుసు లోపల పడిందేమోనని నిండిన సంచులను కుమ్మరించి చూశారు. సముద్రం తన కళ్లముందే వెనక్కి జరుగుతున్నట్లు ప్రిస్కిల్లా గారికి తోచింది.

ఆమె తరగతిగది గొంతుతో ప్రకటించారు. "గొలుసు లేదు. నా మరిది అబద్ధం చెప్పాడు."

"సూసిన్రా, వాటా అడుగుతమని దాస్తుంది," అన్నాడు ముత్తయ్య.

"గొలుసు లేకపోతే గింత పొద్దుగాల చెత్తకోసం ఎవలన్న వస్తరా టీచరమ్మా? మేము గంత తెల్వనోళ్లమా?" అంది బుచ్చవ్వ.

"వదినె, జర ఊకో," అని బెన్నీ గొణిగాడు. "ఎతకనియ్యి. ఏరినయి మన సంచులల్లనే ఏస్తున్రు గదా."

ఆమె అప్పుడు చూశారు. ఒకసారి వెతికిన కవరును మళ్లీ వెతకవలసి రాకుండా జనం ప్రతిదాన్నీ సంచిలో పడవేస్తున్నారు. రాళ్ల సందుల్లో ఏళ్లుగా ఇరుక్కున్న చెప్పులు, వలముక్కలు సైతం బయటికి వచ్చాయి. సాయంత్రానికి గులకరాళ్లు కడిగినట్లున్నాయి; సంచులు ముత్తయ్య ట్రాక్టరులో పట్టలేదు.

"ఇంకోటి చేయించుకుందువు బిడ్డా, ఫికర్ జెయ్యకు," అని బుచ్చవ్వ ఓదార్చి పోయింది.

మొదటి స్థానం వారిదే. సంస్థ నుండి అరుణ్‌కుమార్ ఫోన్ చేశాడు.

"గెలిచిన్రు మేడం. కానీ చిన్న మార్పు. గింత చెత్త గీడనే ఉంటే సముద్రం దాక పోవుడెందుకని మావోళ్లు అన్నరు. అంతర్వేది వాలంటీర్లనే ధర్మపురికి తోలుతున్నం. జర మీరే చూసుకోవాలె."

ప్రిస్కిల్లా గారు ఫోను పెట్టేసి, వచ్చేవాళ్లకు ఎన్ని చేతి తొడుగులు కావాలో లెక్కవేశారు.

మరుసటి వారం వాళ్లు వచ్చారు. ఒడ్డున టీ కాస్తూ ఆమె నవ్యశ్రీ అనే అమ్మాయిని మెల్లగా అడిగారు. "పడుకున్నప్పుడు అలల చప్పుడు మీ ఇంటిదాకా వినిపిస్తుందా అమ్మా?"

"ఏమోనండీ, ఎప్పుడూ ఉండేదే కదా. మేం అసలు పట్టించుకోం," అంటూ ఆ అమ్మాయి గోదావరి ఫోటో తీసుకోవడానికి లేచింది.

ప్రిస్కిల్లా గారు నవ్యశ్రీ టీలో చక్కెర వేయడం మరచిపోయారు. ఆమెకు మతిమరుపు లేదన్న సంగతి కరీంనగర్‌లో అందరికీ తెలుసు.